ఓడ వికారమునకు మందు దొరికిన కథ

ఓడలో పయనించువారికి తల తిరుగుట, నోట నీళ్లూరుట, చల్లని చెమట పట్టుట, చివరకు వాంతులగుట కొత్త సంగతి కాదు. ఓకరింతకు ఆంగ్లభాషలో వాడు ‘నాసియా’ అను మాటయే గ్రీకు భాషలో నావ అని అర్థమిచ్చు పదమునుండి పుట్టినది. బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఈ బాధను తప్పించుకొనలేకపోయెను. 1831లో బీగిల్ ఓడనెక్కిన ఛార్లెస్ డార్విన్, 1836లో తిరిగివచ్చు వరకు, సముద్రము పొంగినప్పుడెల్ల మంచము పట్టుచునే యుండెను. ఇంత పాత బాధకు విరివిగా వాడదగిన మాత్ర యొకటి దద్దుర్ల మందునుండి లభించుట వైద్య చరిత్రలో ఒక వింత.

చెవిలోని తూనిక

ఈ బాధ కడుపులో కనిపించినను, దీనికి మూలము చెవిలో నున్నది. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళములు కలవు. వానిలో ద్రవము నిండియుండును. తల త్రిప్పినపుడు నాళము వెంటనే తిరుగును. ద్రవము మాత్రము కొంచెము వెనుకబడును. అందువలన అచ్చటి సున్నితమైన రోమకణములు వంగి, మెదడునకు వార్త పంపును.

1882లో విలియం జేమ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 519 మంది బధిరులను పరీక్షింపగా, ఎంత గిరగిర త్రిప్పినను 186 మందికి తల తిరుగనే లేదు. చెవిలోని ఈ అవయవము చెడినవారికి ఆ బాధయే లేదన్నమాట. ఓడ గదిలో కూర్చున్నవానికి కన్ను ‘కదలుట లేదు’ అని చెప్పును. చెవి ‘కదలుచున్నాము’ అని చెప్పును. ఈ రెండు వార్తలు పొసగకపోవుటయే వికారమునకు కారణమని నేటి శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అభిప్రాయము.

హిస్టమిన్‌కు విరోధి

శరీరములో హిస్టమిన్ అను పదార్థము కలదు. దాని ప్రభావమును 1910లో ఇంగ్లండులో హెన్రీ డేల్, ఆయన సహచరులు వివరించిరి. దద్దుర్లు, తుమ్ములు, ముక్కు కారుట వంటివానిలో దీని పాత్ర గొప్పది. దీనిని అడ్డగించు మొదటి పదార్థమును 1937లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డేనియల్ బొవే, అన్ మరీ స్టౌబ్ కనుగొనిరి. అది మనుష్యులకు ఈయదగినది కాదు. కాని దారి దొరికినది. బొవేకు 1957లో నోబెల్ బహుమానము లభించినది.

1943లో అమెరికాలోని సిన్సినాటిలో జార్జ్ రీవ్‌షల్ డైఫెన్‌హైడ్రమిన్‌ను తయారుచేసెను. 1946లో అది బెనడ్రిల్ అను పేర అమ్మకమునకు వచ్చినది. మందు మంచిదే, కాని నిద్రమత్తు తెచ్చును. ఈ లోపమును సవరింపదలచి, సెర్ల్ కంపెనీ రసాయనజ్ఞులు దానికి తేయాకులోని థియోఫిలిన్‌కు బంధువైన, కొంచెము ఉత్తేజము కలిగించు మరొక పదార్థమును జోడించిరి. ఆ లవణమే డైమెన్‌హైడ్రినేట్. దాని వ్యాపార నామము డ్రమమిన్.

ట్రాముబండిలో

ఈ కొత్త మందును బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో లెస్లీ గే, పాల్ కార్లైనర్ అను వైద్యులు ఎలర్జీ రోగులపై పరీక్షించుచుండిరి. 1947లో దద్దుర్లతో వచ్చిన ఒక గర్భిణికి దానినిచ్చిరి. ఆమెకు చిన్ననాటినుండి బండి ఎక్కినచో వికారము. మందు వాడసాగిన తరువాత, ట్రాములో వచ్చునపుడు తనకు వాంతి కాలేదని ఆమె చెప్పెను.

రోగి చెప్పిన ఈ చిన్న మాటను వైద్యులు తోసివేయలేదు. అట్లని వెంటనే నమ్మనూ లేదు. ఆమెకు మందులేని మాత్ర ఇచ్చి చూచిరి. వికారము తిరిగి వచ్చినది. అసలు మందు ఇచ్చిరి, వికారము పోయినది.

ఒక్కరికి పనిచేసినది అందరికి పనిచేయునా? దీనిని తేల్చుటకు అమెరికా సైన్యము సాయపడినది. 1948 నవంబరులో జనరల్ బాలూ అను సేనా నౌక వెయ్యిమందికి పైగా సైనికులతో న్యూయార్కునుండి జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌కు బయలుదేరెను. చలికాలపు అట్లాంటిక్ సముద్రము అల్లకల్లోలముగా నుండును. కొందరికి మందు, కొందరికి అదే రూపముగల మందులేని మాత్ర ఇచ్చిరి. మందులేని మాత్ర తిన్నవారిలో అనేకులు జబ్బుపడిరి. మందు తిన్నవారిలో దాదాపు అందరు క్షేమముగా నుండిరి. జబ్బుపడినవారికి పిమ్మట మందు ఇయ్యగా ఎక్కువమంది తేరుకొనిరి. ఈ ఫలితములు 1949లో ప్రకటింపబడినవి.

అంతకు ముందు మందే లేదనుకొనరాదు. రెండవ ప్రపంచయుద్ధములో బ్రిటిష్ సేనలకు హయొసిన్ ఇచ్చిరి. ఇది ఉమ్మెత్త జాతి మొక్కలలో కలదు. అది బాగుగా పనిచేయును గాని, నోరు ఎండజేయును, చూపు మసకజేయును.

మందు పనిచేయు చోటు

డ్రమమిన్‌లో గుణమిచ్చునది డైఫెన్‌హైడ్రమినేయని తరువాత తెలిసినది. అది మెదడులో ప్రవేశించి, చెవినుండి వార్తలు చేరు కేంద్రములలో హిస్టమిన్‌ను, ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డగించును. నేటి కొత్త ఎలర్జీ మందులు, ఉదాహరణకు ఫెక్సొఫెనడిన్, మెదడులోనికి అంతగా పోవు. అందుచే నిద్ర తెప్పింపవు. ప్రయాణపు వికారమును కూడ ఆపవు. కంపెనీవారు లోపమని సవరింపజూచిన నిద్రమత్తు, ఈ కొత్త గుణము రెండును మెదడులోనే కలుగుచున్నవి. అందుచేతనే ఈ మాత్ర తిన్నవారు వాహనము నడుపరాదు. వికారము మొదలైన పిదప కడుపు మందును సరిగా గ్రహింపదు గనుక, ప్రయాణమునకు అరగంటనుండి గంట ముందుగా తీసికొనవలెను. చిన్నపిల్లలకు వైద్యుని అడుగక ఈయరాదు.

చెవి జబ్బులవలన తల గిర్రున తిరుగునపుడు కూడ ఈ జాతి మందులను ఇత్తురు. కాని కొద్ది దినములే వాడుట మేలు. చెడిన చెవికి సర్దుకొనుటను మెదడు తనంత తానే నేర్చుకొనును. ఎక్కువ కాలము మందు వాడినచో ఆ అభ్యాసము ఆలస్యమగును. చెవి నాళములలో సున్నపు కణములు జారిపడుటవలన కలుగు తలతిరుగుడుకు మాత్ర అసలు మందే కాదు. వైద్యుడు రోగి తలను ఒక క్రమములో త్రిప్పి ఆ కణములను నాళమునుండి బయటికి మరలించును. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ ఈ పద్ధతిని 1992లో ప్రచురించెను.

ట్రాములో జరిగినది యాదృచ్ఛికము. మందులేని మాత్రతో పోల్చి చూచుట యాదృచ్ఛికము కాదు. ఆ పోలిక లేనిచో ఆ రోగి మాట ఒక ముచ్చటగానే మిగిలిపోయెడిది.