1952 రోమా నగర ఎన్నిక: సంఘాధికారం, విశ్వాసి మనస్సాక్షి

ఎన్నికలు దగ్గర పడగానే అభ్యర్థులు మన ఆరాధనలకు వస్తారు, ప్రార్థన చేయించుకుంటారు, వెళ్లే ముందు కాపరి నోట ఒక మాట కోరుతారు. ఆ మాట చెప్పవచ్చునా, కూడదా అన్న చర్చ మన సంఘాలకు కొత్త కాదు. అయితే ఒత్తిడి ఎప్పుడూ రాజకీయాల వైపునుండే వస్తుందని మనం అనుకుంటాము. సంఘ పెద్దలే ఒక అభ్యర్థుల జాబితాను తయారుచేయించి, దానిని ఒప్పుకొమ్మని రాజకీయాలలో ఉన్న విశ్వాసిని బలవంతం చేసిన సందర్భం ఒకటుంది. అది 1952 మే 25న రోమా నగరపాలక మండలికి జరిగిన ఎన్నిక. దానిని ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

ముందుగా ఆ ఎన్నిక పద్ధతి తెలియాలి. ఆనాటి ఇటలీలో మేయరును ప్రజలు నేరుగా ఎన్నుకొనేవారు కారు. ప్రజలు మండలిని ఎన్నుకుంటే, మండలి సభ్యులు మేయరును ఎన్నుకొనేవారు. రోమా మండలిలో 80 స్థానాలు. 1951లో వచ్చిన చట్టం ప్రకారం కొన్ని పార్టీలు తమ జాబితాలు వేరువేరుగా ఉంచుకొనే ఒక కూటమిగా ప్రకటించుకోవచ్చు. అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చిన కూటమికి సగం ఓట్లు రాకపోయినా మూడింట రెండు వంతుల స్థానాలు దక్కుతాయి. అంటే ఒక్క ఓటు తేడాతోనైనా నగరం మొత్తం చేతులు మారవచ్చు. వాటికన్ భయానికి మూలం ఈ లెక్కలోనే ఉంది.

1949 జూలైలో వాటికన్ విశ్వాస పరిరక్షణ కార్యాలయం కమ్యూనిస్టు పార్టీలో చేరిన కతోలికులకు సంస్కారాలు ఇవ్వరాదని ఆజ్ఞ వెలువరించింది. మూడేళ్లు తిరగకముందే, పోపు నివసించే నగరానికే కమ్యూనిస్టులు బలపరచిన మేయరు వచ్చే అవకాశం కనబడింది. పైగా 1929 నాటి ఒప్పందంలో రోమా పవిత్ర స్వభావానికి విరుద్ధమైనదేదీ అక్కడ జరగకుండా చూస్తామని ఇటలీ ప్రభుత్వం మాట ఇచ్చి ఉంది. 12వ పయస్ పోపు దీనిని వట్టి మున్సిపల్ వ్యవహారంగా చూడలేదు. వామపక్షాలు కూడా తెలివిగా నడిచాయి. తమ జాబితాకు ముందు పేరుగా కమ్యూనిస్టును పెట్టక, 1919–20లో ప్రధానమంత్రిగా ఉన్న వృద్ధ ఉదారవాది ఫ్రాంచెస్కో సవేరియో నిత్తీని నిలబెట్టాయి. నిత్తీ పేరు చూసి మధ్యతరగతి ఓటరు భయపడడు.

అప్పటి ప్రధానమంత్రి ఆల్చిదె దె గాస్పెరి క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ నాయకుడు, ప్రతిదినం పూజకు వెళ్లే కతోలికుడు. చిన్న లౌకిక పార్టీలతో కలసి ప్రభుత్వం నడుపుతున్నాడు. రోమాలో కూడా ఆ పార్టీలతోనే కూటమి కట్టాలన్నది ఆయన ఉద్దేశం. వాటికన్‌లో కొందరికి అది చాలదనిపించింది. రాచరికవాదులను, 1946 డిసెంబరులో ముస్సోలినీ అనుచరులు స్థాపించిన ఇటాలియన్ సోషల్ మూవ్‌మెంట్‌ను కూడా కలుపుకొంటేనే నగరం నిలుస్తుందని వారి వాదన. 1948 ఎన్నికలలో పారిష్‌ల వారీగా పౌరసమితులు నడిపి పేరుపొందిన కతోలిక్ యాక్షన్ నాయకుడు లుయీజీ జెద్దా దీనికి పూనుకున్నాడు. పార్టీల పేర్లు లేని ఒక నగర జాబితా, దానికి అందరూ గౌరవించే ఒక పెద్దమనిషి: ఇదీ పథకం. ఆ పెద్దమనిషిగా ఎనభై ఏళ్ల గురువు లుయీజీ స్టుర్జోను ఎంచుకున్నారు. చరిత్రలో ఈ ప్రయత్నం స్టుర్జో పేరుతోనే నిలిచిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగి స్టుర్జోను గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఎంపికలోని విషాదం ఆయన జీవితం తెలిస్తేగాని అర్థం కాదు. ఆయన సిసిలీలోని కాల్తజిరోనె పట్టణానికి 1905 నుండి 1920 వరకు మేయరు బాధ్యతలు నిర్వహించిన గురువు. 1919లో ఇటాలియన్ పాపులర్ పార్టీని స్థాపించాడు. విశ్వాసుల పార్టీయే అయినా అది సంఘాధికారుల ఆజ్ఞలకు లోబడదని మొదటినుండి పట్టుబట్టాడు. ముస్సోలినీ అధికారంలోకి వచ్చాక ఈ పార్టీ అడ్డయింది. ముస్సోలినీతో సఖ్యత కోరిన వాటికన్ ఒత్తిడి వల్ల 1923 జూలైలో స్టుర్జో కార్యదర్శి పదవి వదులుకున్నాడు. మరుసటి ఏడాది దేశమే విడిచిపోయాడు. ఇరవై రెండేళ్లు లండన్, అమెరికాలలో ప్రవాసి. పార్టీలో ఆయన స్థానంలోకి వచ్చినవాడు దె గాస్పెరియే. అతడూ ఫాసిస్టు చెరసాల అనుభవించి, బయటికొచ్చాక వాటికన్ గ్రంథాలయంలో చిన్న ఉద్యోగంతో కుటుంబాన్ని పోషించుకున్నాడు. ఫాసిస్టులకోసం పక్కకు నెట్టబడిన గురువునే, ఫాసిస్టుల వారసులను లోపలికి తేవడానికి ముందు నిలబెట్టారు. ఇంతకంటె కఠినమైన పరిహాసం ఉంటుందా?

1952 ఏప్రిల్‌లో ఒత్తిడి తీవ్రమైంది. రేడియో ప్రసంగాలతో ప్రసిద్ధి చెందిన యేసుసభ గురువు రిక్కార్దో లొంబార్ది ప్రధానమంత్రి ఇంటికి వెళ్లి ఆయన భార్య ఫ్రాంచెస్కాతో మాట్లాడాడు. పోపు కోరిక ఇదేనని, భర్త కాదంటే ఆయన పదవి నిలవదని అన్నట్లు కుమార్తె మరియా రొమానా 1964లో వెలువరించిన జీవితచరిత్ర చెబుతుంది. బోధకుడు ఒక సంఘ సభ్యుని భార్య దగ్గరకు వెళ్లి ఇలా మాట్లాడడం ఎలా ఉంటుందో కాపరులకు మేము వివరించనక్కరలేదు.

దె గాస్పెరి ఒప్పుకోలేదు. ఫాసిజానికి ఎదురు నిలిచి పుట్టిన గణతంత్రంలో ఫాసిస్టులతో చేయి కలిపితే తన ప్రభుత్వంలోని లౌకిక పార్టీలు విడిపోతాయి, సంఘం మరల నియంతల పక్షం చేరిందని కార్మికులు నమ్ముతారు. లౌకిక పార్టీలు స్టుర్జో జాబితాకు సమ్మతించలేదు. కతోలిక్ యాక్షన్ యువజన విభాగం అధ్యక్షుడు కార్లో కర్రెత్తో, ఆయన సహచరులు కూడా వ్యతిరేకించారు. అందరి సమ్మతి రాదని గ్రహించి, నెల ముగియకముందే స్టుర్జో తప్పుకున్నాడు.

మే 25న దె గాస్పెరి కోరిన కూటమే ముందు నిలిచింది, మూడింట రెండు వంతుల స్థానాలు పొందింది. 1947 నుండి మేయరుగా ఉన్న సాల్వతోరె రెబెక్కీని కొనసాగాడు. సంఘ పెద్దలు భయపడిన పతనం జరగలేదు. మితవాదులకు అదే నెలలో దక్షిణాదిన ఓట్లు బాగా పెరిగిన మాట నిజమే. నేపుల్స్‌లో రాచరికవాది అకిల్లె లౌరో మేయరయ్యాడు.

ఈ పోరాటమంతటిలో నగరం సంగతి ఎవరు పట్టించుకున్నారని అడగాలనిపిస్తుంది. పదహారు లక్షలకు పైబడిన జనంలో ఎందరో పేదలు శివార్ల గుడిసెలలో ఉన్నారు. రెబెక్కీని కాలంలో భూముల వ్యాపారం విచ్చలవిడిగా సాగింది. 1955 డిసెంబరులో లెస్ప్రెస్సో పత్రిక దానిని బయటపెట్టింది. ఆ వ్యాపారంలో ముందున్న కంపెనీలో వాటికన్‌కు వాటాలున్నాయి. పవిత్ర నగరాన్ని కాపాడతామన్నవారికి ఆ గుడిసెలు పవిత్రతకు సంబంధించిన ప్రశ్నగా తోచలేదు.

ఇది కతోలికుల తప్పు, మనకేమిటని ప్రొటెస్టంటు పాఠకులు అనుకోవచ్చు. మేము అలా అనుకోవడం లేదు. మన దగ్గర 1930లలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలా అన్న ప్రశ్న వచ్చింది. దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య వాటిని వ్యతిరేకించారు. సంఘం ఓట్ల గుంపుగా మారితే సువార్త సాక్ష్యానికి చేటని ఆయన భావించారు. భయం ఉన్నచోట సంఖ్య బలంగా కనబడుతుంది, ఏ తెగ సంఘానికైనా. మత్తయి 22వ అధ్యాయంలోని కైసరు నాణెము గురించి వ్యాఖ్యానించేటప్పుడు ప్రభుత్వం ఎక్కడ ఆగాలో మనం బోధిస్తాము. సంఘాధికారం ఎక్కడ ఆగాలో కూడా అక్కడ ఉంది. దె గాస్పెరి విశ్వాస విషయంలో పోపును ధిక్కరించలేదు. నగర మండలికి ఎవరితో కలసి పోటీ చేయాలన్నది తన బాధ్యత అన్నాడు, అంతే.

వెల మాత్రం చెల్లించాడు. 1952 జూన్‌లో తన వివాహపు ముప్పయ్యవ వార్షికోత్సవం, కన్యాస్త్రీ అయిన కుమార్తె లూచియా శాశ్వత వ్రతం కలసి వచ్చాయి. కుటుంబంతో పోపును దర్శించుకొని ఆశీర్వాదం పొందాలని కోరాడు. అనుమతి రాలేదు. వాటికన్‌లోని తన రాయబారికి ఆయన జవాబు రాశాడు. ఒక క్రైస్తవునిగా ఈ అవమానాన్ని స్వీకరిస్తున్నాననీ, కాని ఇటలీ ప్రధానమంత్రిగా, విదేశాంగ మంత్రిగా తన స్థానపు గౌరవం దృష్ట్యా విస్మయం తెలుపక తప్పదనీ, దీనికి వివరణ కోరవలసిందనీ ఆ ఉత్తరం సారాంశం.