మన జిల్లాల్లో వికలాంగుల సంఘాలు: ఒక పాత గుమాస్తా జ్ఞాపకాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను పనిచేసిన మంచి అధికారుల గురించి రాద్దామనుకున్నాను. అలాంటి వ్యాసాలు ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి కనుక మరో సంగతి ఎత్తుకున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. అందుకే ఆఫీసు పేరు, ఊరి పేరు రాయడం లేదు. పాత కరీంనగర్ జిల్లాలో ఒక మండల కార్యాలయం అనుకుంటే చాలు.

1985లో మండలాలు ఏర్పడినప్పుడు తాలూకా ఆఫీసుల్లో ఉన్న మమ్మల్ని కొత్త కార్యాలయాలకు పంచారు. 1990ల చివర నా సీటుకు పింఛన్ల దస్త్రాలు వచ్చాయి. అప్పుడు నెలకు 75 రూపాయలు. అదీ అడిగిన వాళ్ళందరికీ వచ్చేది కాదు. మండలానికి ఇన్ని అని లెక్క ఉండేది. కొత్తవారికి ఇవ్వాలంటే పాతవారిలో ఎవరైనా చనిపోవాలి. దానిని మేము 'ఖాళీ' అనేవాళ్ళం, ఉద్యోగంలో ఖాళీ అన్నట్టే. ఇక వికలాంగుడైతే ముందు జిల్లా కేంద్రంలో మెడికల్ బోర్డు ముందుకు పోయి, 40 శాతానికి తక్కువ కాకుండా వైకల్యం ఉందని రాయించుకు రావాలి. నడవలేని మనిషి, తాను నడవలేనని రాయించుకోవడానికి రెండు బస్సులు మారవలసి వచ్చేది.

మా ఆఫీసు మేడ మీద. పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడిన పాతికేళ్ళ కొడుకును వీపున వేసుకుని ఒక తల్లి ఆ మెట్లు ఎక్కి వచ్చేది. బీడీలు చేసుకుని బతికే మనిషి. సర్టిఫికెట్ సరిగానే ఉంది. దరఖాస్తు సరిగానే ఉంది. "ఖాళీ అయిందా సారూ?" అని అడిగేది. "ఇంకా కాలేదమ్మా" అనేవాణ్ణి. మూడేళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు. ఆమె అడుగుతున్నది ఎవరైనా పోయారా అని. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

చట్టం లేక కాదు. 1995 చివర పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది. 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలులోకి వచ్చింది. ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషను, సర్కారు భవనాల్లో ర్యాంపులు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ చట్టం కోసం ఢిల్లీలో వికలాంగులు ధర్నాకు కూర్చున్నారు. 2001 జనాభా లెక్కల్లో వైకల్యం గురించిన ప్రశ్న కూడా సంఘాలు పట్టుబడితేనే చేరింది. ఆ లెక్కల్లో దేశం మొత్తం మీద 2.19 కోట్ల మంది తేలారు. ఇదంతా పత్రికల్లో చదివినవాణ్ణే. చదివిన తర్వాత పత్రిక మడిచిపెట్టి నా దస్త్రాలు నేను చూసుకున్నాను.

అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో 'వెలుగు' పథకం ప్రపంచ బ్యాంకు సహాయంతో మొదట ఆరు జిల్లాల్లో వచ్చింది. తెలంగాణ నుంచి అందులో ఉన్నవి మహబూబ్‌నగర్, ఆదిలాబాద్. మన కరీంనగర్ తర్వాతి విడతలో చేరింది. మహిళా పొదుపు సంఘాల మాట అందరికీ తెలుసు. అదే పథకంలో వికలాంగులకు విడిగా గ్రామ సంఘాలు, వాటి పైన మండల వికలాంగుల సమాఖ్యలు కట్టారన్నది చాలామందికి గుర్తుండదు. కాలు లేనివారు, చూపు లేనివారు, చెవిటివారు ఒకే సంఘంలో కూర్చున్నారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తరఫున తల్లిదండ్రులు సభ్యులయ్యారు. ఆదిలాబాద్‌లో పనిచేస్తున్న మా తోడల్లుడు ఈ సంగతులు చెబితే, అప్పులిస్తారని చేరుతున్నారు లెమ్మని తీసిపారేశాను.

2004లో అనుకుంటాను, ఒక సోమవారం మా ఆఫీసు ముందు పద్నాలుగు మంది వచ్చి కూర్చున్నారు. మెట్లు ఎక్కం, అధికారినే కిందికి రమ్మనండి అన్నారు. ఆయన మంచివాడు, దిగి వచ్చాడు. పింఛన్లు ఇమ్మంటారనుకున్నాం. వాళ్ళు అడిగింది వేరు: "ఇప్పుడు ఎవలెవలకు వస్తున్నయో ఆ లిస్టు చదవుండ్రి సారూ." చూపులేని ఒకాయన ముందు కూర్చున్నాడు. నేను ఊరివారీగా చదువుతుంటే, ఆయా ఊళ్ళవాళ్ళు "ఉన్నడు", "ఉన్నది" అంటున్నారు. నాలుగో పేరుకు "గాయన పోయి రెండేండ్లాయె" అన్నారు. చదవడం పూర్తయ్యేసరికి అలాంటి పేర్లు తొమ్మిది తేలాయి. ఖాళీ లేదని నేను చెప్పిన రోజుల్లో ఖాళీలు నా దస్త్రంలోనే ఉన్నాయి. ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో ఊరికి వెళ్ళి చూడవలసిన పని ఉంది. ఒక్కసారీ చూడలేదు. ఆ డబ్బు ఎవరు తీసుకున్నారన్నది వేరే విచారణ అయింది, అది ఇక్కడ వద్దు.

ఆ గుంపులో ఆ బీడీల తల్లి కూడా ఉంది. కొడుకు వెంట లేడు. కొత్త పేర్లు రాసుకునేటప్పుడు అతని పేరు నేనే ముందు రాయబోయాను. ఆమె వద్దంది. అతను అంతకు ముందటి వానాకాలంలోనే పోయాడట. మరి నువ్వెందుకొచ్చావమ్మా అన్నాను. ఈ ఆఫీసు దారి వీళ్ళెవరికీ తెలియదు, నాకు తెలుసు కదా అని తోడు వచ్చానంది.

ఆ వారమే నా బల్లను కిందికి దింపించారు.

సంఘాలన్నీ ఇలాగే నడిచాయని చెప్పలేను. అప్పు వచ్చినంత కాలం కలిసి, తర్వాత చెదిరిపోయినవీ చూశాను. చెవిటివారిని కూర్చోబెట్టి, వాళ్ళకేమీ తెలియజెప్పకుండా సంతకాలు మాత్రం తీసుకున్నవీ ఉన్నాయి. అయినా తర్వాత వచ్చిన మార్పుల్లో ఈ కూడికల పాలు ఉంది. 75 రూపాయలు 200 అయింది. 2010 ప్రాంతంలో సదరం శిబిరాలు వచ్చి, సర్టిఫికెట్ల పని కొంత దగ్గరైంది. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వికలాంగుల హక్కుల పోరాట సమితి ఊరూరా సభలు పెట్టింది. రాష్ట్రం విడిపోయేనాటికి పింఛను 500. 2014 నవంబరులో ఆసరా కింద 1,500, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఎన్నికలు లేకపోతే ఇంత పెరిగేదా అని మన మిత్రులు కొందరు అంటారు. పెరిగేది కాకపోవచ్చు. కానీ ఎన్నికల్లో లెక్కకు రావాలన్నా ముందు నలుగురు ఒకచోట కనిపించాలి కదా.

ఉట్నూరు వైపు గోండు గూడేల్లో సికిల్ సెల్ వ్యాధి ఉంది. రక్తానికి సంబంధించింది, పుట్టుకతో వచ్చేది. మనిషిని చూస్తే ఏ లోపమూ కనిపించదు. నొప్పి వచ్చినప్పుడు లేవలేడు. నా కాలపు దరఖాస్తులో దానికి గడి లేదు. 1995 చట్టంలో వైకల్యాలు ఏడే. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి, అందులో సికిల్ సెల్ చేరింది. రిజర్వేషను 4 శాతం అయింది.

పింఛను దయ కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏటా ఆ తేదీన మనం పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటాం. ఆ కేసు వేసినవారిలో ఇద్దరు పెన్షనర్లు కాగా, మూడవది కామన్ కాజ్ అనే సంస్థ. తమంతట తాము కోర్టుకు రాలేని ముసలివాళ్ళ కోసం ఒక సంఘం నిలబడవచ్చని కోర్టు ఒప్పుకుంది. ఆ తీర్పు ఫలితం అందుకుంటున్న నేను, ఆ పద్నాలుగు మందిని చూసి మొదట విసుక్కున్నాను.

ఇక ఒక విన్నపం. మన సంఘ భవనానికి అయిదు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు. మోకాళ్ళ నొప్పులతో మన సభ్యులు కొందరు పోయిన సర్వసభ్య సమావేశానికి వాకిట్లోనే కుర్చీ వేసుకున్నారు. ర్యాంపు సంగతి నేను లేవనెత్తితే అంచనా వేయిస్తామన్నారు. ఆ అంచనా ఈ సంచిక వెలువడేలోగా నోటీసు బోర్డుపై పెట్టవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను.