పెట్టెలో దాచిన కోటు

పాతచీరలు పొరలుగా పరచి బొంత కుట్టడం మా అచ్యుతాపురం ఆడవాళ్ళకి తెలిసిన పనే. ఒకప్పటి రౌతుల యుద్ధపు అంగీ కూడా పొరలు పొరలుగానే తయారయ్యేదంటే ఆశ్చర్యం కదూ!

శ్రీకృష్ణదేవరాయల కాలంలో, సుమారు 1520లో, విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆ అంగీలను వర్ణించాడు. పైకి పట్టు, ముఖమల్. లోపల గట్టి తోలు పొరలు, ఇనుప రేకులు. ఇనుము కొన్నాళ్ళు ఆగుతుంది గాని, పట్టూ తోలూ చెమ్మకీ పురుగుకీ ఆగుతాయా? అందుకే అతని వ్రాత మనకింత విలువైనది.

అదే శతాబ్దపు బట్టలు స్వీడన్‌లో ఉప్సాలా పెద్ద చర్చిలో నేటికీ ఉన్నాయి. 1567లో రాజు పద్నాలుగవ ఎరిక్ స్వాంతె స్టూరెనూ, అతని ఇద్దరు కొడుకులనూ బలిగొన్నాడు. ఆ ఇల్లాలు మార్తా వాళ్ళ ఒంటిమీది దుస్తులు పెట్టెలో పెట్టి దాచింది. అవి యుద్ధపు అంగీలు కావు. అయినా ఆనాటి మగవారి దుస్తుల కుట్టు వాటిలో తెలుస్తుంది. జానెట్ ఆర్నాల్డ్ అనే ఇంగ్లీషు వనిత అలాంటి బట్టల కుట్టు కుట్టూ పరిశీలించి 1985లో పుస్తకం వేసింది.

మా మామగారి పట్టాళపు కోటు మొన్న స్టీలు సామాన్లవాడికి వేసేద్దామనుకున్నాను. ఇప్పుడు వేపాకు వేసి, ఆయన పేరు చీటీ మీద రాసి పెట్టెలో పెట్టాను. మీ పెట్టె కూడా ఒకసారి తెరిచి చూడండి!