బ్రౌన్ రైస్ (డాన్ చెర్రీ ఆల్బమ్)

'బ్రౌన్ రైస్' అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డాన్ చెర్రీ 1975లో రికార్డు చేసిన ఆల్బమ్. మొదట ఇటలీలో ఈఎంఐ సంస్థ దీన్ని 'బ్రౌన్ రైస్' అన్న పేరుతోనే విడుదల చేసింది. 1977లో ఏ అండ్ ఎం సంస్థ తన హొరైజన్ లేబుల్‌పై అమెరికాలో 'డాన్ చెర్రీ' అన్న పేరుతో తెచ్చింది. ఇందులో ఉన్నవి నాలుగే రచనలు. వాటిలో ఒకదానికి హిందుస్థానీ రాగం పేరు, మరొకదానికి టిబెట్ బౌద్ధులు కొలిచే బోధిసత్వుడి పేరు పెట్టారు.

చెర్రీ 1936లో ఓక్లహామా సిటీలో పుట్టి, లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతంలో పెరిగారు. తండ్రి నల్లజాతి అమెరికన్. తల్లిది చోక్టా ఆదివాసీ మూలం. జాజ్ కళాకారుడు ఆర్నెట్ కోల్‌మన్ బృందంలో చేరి, 1959 నాటి 'ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్'లో ట్రంపెట్ వంశానికే చెందిన కార్నెట్ వాయించారు. ముందే కట్టిపెట్టుకున్న కార్డుల (స్వరమేళనాల) వరసను వదిలేసి, పాట ఎటు నడిస్తే అటు వెళ్లే పద్ధతి అది. ఆ రికార్డులో ఆయన పక్కన బేస్ వాయించిన చార్లీ హేడన్, డ్రమ్స్ వాయించిన బిల్లీ హిగ్గిన్స్ పదహారేళ్ల తర్వాత 'బ్రౌన్ రైస్'లోనూ ఉన్నారు. కొత్త దారి పట్టినా చెర్రీ పాత నేస్తాలను వెంటబెట్టుకునే వెళ్లారు.

ఆయన చేతిలో ఎక్కువగా కనిపించేది పాకెట్ ట్రంపెట్. మామూలు ట్రంపెట్‌కు ఉన్నంత పొడవు గొట్టమే దీనికీ ఉంటుంది, కాకపోతే బిగుతుగా చుట్టడం వల్ల చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఊరూరా తిరిగే మనిషికి సరిపోయిన వాద్యం. 1968లో బెర్లిన్‌లో చేసిన 'ఎటర్నల్ రిథమ్'లో ఆయన ఇండోనేసియా గామెలాన్ లోహవాద్యాలను యూరప్ జాజ్ కళాకారుల మధ్యకు తెచ్చారు. ఆ తర్వాత స్వీడన్‌లోని టోగార్ప్‌లో పాతబడిన బడి భవనంలో భార్య మోకీతో కాపురం పెట్టారు. వస్త్రాలపై చిత్రరచన చేసే మోకీ తంబూరా కూడా మీటేవారు. కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర చెర్రీ హిందుస్థానీ సంగీతం నేర్చుకున్నారు. ఇతర దేశాల సంగీతాన్ని రికార్డులు విని అనుకరించడంతో ఆయన సరిపెట్టుకోలేదు. 'బ్రౌన్ రైస్'కు బలం అక్కడి నుంచే వచ్చింది.

మొదటి రచన ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాట. ఎలక్ట్రిక్ బొంగోలు ఒకే దరువును తిరగేసి తిరగేసి వాయిస్తుంటే, వా-వా పెడల్ తగిలించిన హేడన్ బేస్ కింద నుంచి గుర్రుమంటుంది. దాని మీద చెర్రీ పాడరు, గుసగుసలాడతారు. ఫ్రాంక్ లో అనే కళాకారుడి సాక్సఫోన్ ఆ గుసగుసల మధ్య ఉండుండి కేక పెడుతుంది.

తెలుగు శ్రోత ఆగి వినవలసింది రెండో రచన 'మాల్కౌన్స్'. హిందుస్థానీ మాల్కౌన్స్ స్వరాలే కర్ణాటక సంగీతంలో హిందోళానివి: స, గ, మ, ద, ని. రిషభం లేదు, పంచమం లేదు. త్యాగరాజస్వామి 'సామజవరగమన' విన్న చెవికి ఈ స్వరాలు కొత్త కావు. పద్నాలుగు నిమిషాల ఈ రచన తంబూరా శ్రుతితో మొదలవుతుంది. ఆ శ్రుతి మీద హేడన్ ఒక్కడే బేస్ తీగల మీద చాలాసేపు, ఏ తొందరా లేకుండా వాయిస్తాడు. అది మన ఆలాపనకు చాలా దగ్గరగా ఉన్న ఎత్తుగడ. తర్వాత హిగ్గిన్స్ డ్రమ్స్ అందుకుంటాయి, ట్రంపెట్ పైకి లేస్తుంది, జాజ్ నడక మొదలవుతుంది. సంప్రదాయ కచేరీ లెక్కలో దీన్ని రాగవిస్తారం అనలేం. చెర్రీ ఉద్దేశమూ అది కాదు. అయినా తంబూరాను ఆరంభంలో వినిపించి పక్కన పెట్టే అలంకారంగా వాడకపోవడం, దాని మీదే రచన మొత్తాన్ని నిలబెట్టడం గొప్ప విషయం. 1960లలో సితార్‌ను సరదాగా అద్దుకున్న పాశ్చాత్య రికార్డులెన్నో ఈ పరీక్షకు నిలవవు.

'చెన్‌రెజిగ్' అంటే టిబెట్ వారి అవలోకితేశ్వరుడు, కరుణామూర్తి. ఇందులో జపంలాంటి గానం నుంచి పియానో, సాక్సఫోన్‌ల ఉద్ధృతి దాకా వెళతారు. చివరిది 'డెగి-డెగి', ఎలక్ట్రిక్ పియానో, బేస్‌ల దరువు మీద మళ్లీ గుసగుసలు.

ఈ ఆల్బమ్ తర్వాత చెర్రీ సితార్, తబలా వాయించే కాలిన్ వాల్కాట్, బ్రెజిల్ తాళవాద్య కళాకారుడు నానా వాస్కోన్‌సెలోస్‌లతో కలిసి 'కొడోనా' త్రయంగా ఏర్పడ్డారు. 1979, 1981, 1983లలో ఈసీఎం సంస్థ ద్వారా వారి మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. వాటిలో చెర్రీ ట్రంపెట్‌తో పాటు మాలి దేశపు వేటగాళ్ల తంత్రీవాద్యం దోన్సో న్గోనీని కూడా వాయించారు. 1984లో తూర్పు జర్మనీలో జరిగిన రోడ్డు ప్రమాదంలో వాల్కాట్ మరణించడంతో ఆ త్రయం ఆగిపోయింది. చెర్రీ 1995 అక్టోబర్ 19న స్పెయిన్‌లోని మలగాలో కన్నుమూశారు.