135వ వీధి గ్రంథాలయం: హార్లెమ్ చిత్రకళకు పుట్టిల్లు

న్యూయార్క్‌లోని హార్లెమ్ పేటలో, 135వ వీధి శాఖా గ్రంథాలయం 1905లో మొదలైంది. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ విరాళంతో నగరంలో పేటపేటకూ కట్టిన గ్రంథాలయాల్లో ఇదొకటి. భవనానికి రూపకల్పన చేసినవాడు చార్లెస్ మెకిమ్. తొలినాళ్లలో ఇక్కడికి వచ్చే పాఠకుల్లో యూదులే ఎక్కువ. పదిహేనేళ్లు తిరిగేసరికి పేట మారిపోయింది. దక్షిణాది రాష్ట్రాల్లో జాతి వివక్షను తట్టుకోలేక, పని వెతుక్కుంటూ ఉత్తరాదికి తరలివచ్చిన నల్లజాతి కుటుంబాలూ, కరీబియన్ దీవుల వలసజీవులూ హార్లెమ్‌లో స్థిరపడ్డారు.

1920లో ఈ శాఖ బాధ్యత చేపట్టిన ఎర్నెస్టీన్ రోజ్ శ్వేతజాతి మహిళ. పేటలో ఎవరు ఉంటే గ్రంథాలయం వారిదే కావాలన్నది ఆమె పద్ధతి. ఆ ఏడాదే క్యాథరిన్ లాటిమర్‌ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పనిచేసిన తొలి నల్లజాతి గ్రంథపాలకురాలు ఆమె. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడంతో పాటు ఉపన్యాసాలు, కవితాపఠనాలు, పుస్తక చర్చలు మొదలయ్యాయి.

చిత్రకళ కూడా ఈ దారిలోనే వచ్చింది. 1921 వేసవిలో గ్రంథాలయంలో నల్లజాతి కళాకారుల ప్రదర్శన జరిగింది. పారిస్‌లో స్థిరపడి పేరు తెచ్చుకున్న హెన్రీ ఒసావా టానర్ చిత్రాలూ అందులో ఉన్నాయి. పెద్ద గ్యాలరీల తలుపులు నల్లజాతి వారికి దాదాపు మూసుకుపోయిన రోజులవి. రోజూ పుస్తకం కోసం వచ్చే మనిషి టికెట్టు లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా తనవాళ్ల చిత్రాలు చూసి వెళ్లగలిగాడు. ఆ తర్వాత యువశిల్పి అగస్టా సావేజ్‌కు గ్రంథాలయం కోసం మేధావి డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ శిరోశిల్పం చెక్కే పని దొరికింది. అది ఇప్పించినది గ్రంథాలయ సిబ్బందే.

1925లో నల్లజాతి సాహిత్యం, చరిత్ర, ముద్రణాచిత్రాల కోసం ప్రత్యేక విభాగం ఏర్పడింది. మరుసటి ఏడాది ప్యూర్టోరికోలో పుట్టిన ఆర్టురో షోంబర్గ్ సేకరణ దానికి చేరింది. నల్లవాళ్లకు చరిత్రే లేదని చిన్నప్పుడు ఒక ఉపాధ్యాయుడు అన్న మాట ఆయన్ను ఈ సేకరణకు పురికొల్పిందని చెబుతారు. కార్నెగీ కార్పొరేషన్ 10,000 డాలర్లు ఇచ్చి దాన్ని కొనిపెట్టింది. 5,000కు పైగా పుస్తకాలు, 3,000 రాతప్రతులు, 2,000 ఎచింగ్‌లు, చిత్తరువులు అందులో ఉన్నాయి. 1932 నుంచి 1938లో కన్నుమూసే వరకు షోంబర్గే ఆ విభాగానికి క్యూరేటర్.

1930ల మాంద్యం హార్లెమ్‌ను గట్టిగా దెబ్బతీసింది. పని లేని యువత గ్రంథాలయానికి రావడం పెరిగింది. వయోజన విద్యా ప్రయత్నంలో భాగంగా 1933లో హార్లెమ్ ఆర్ట్ వర్క్‌షాప్ ప్రారంభమైంది. జేమ్స్ వెల్స్, చార్లెస్ ఆల్‌స్టన్ అక్కడ బొమ్మలు వేయడం నేర్పారు. తరువాత ఆల్‌స్టన్ తరగతులు 141వ వీధిలోని ఒక పాత గుర్రపుశాలకు మారాయి.

1934లో ప్రభుత్వ కళా పథకం కింద ఆరన్ డగ్లస్ ఈ గ్రంథాలయం కోసం నాలుగు భారీ చిత్రాలు గీశాడు. ఆఫ్రికాలోని జీవితం నుంచి బానిసత్వం, విముక్తి, నగరానికి వలస దాకా సాగే కథ అది. మనుషులు తోలుబొమ్మల నీడల్లా ముఖకవళికలు లేకుండా కనిపిస్తారు. వెలుగు వలయాలు వలయాలుగా పరచుకుంటుంది. చివరి చిత్రంలో ఒక పెద్ద పళ్లచక్రం మీద నిలబడిన మనిషి శాక్సోఫోన్ పైకెత్తి పట్టుకుని ఉంటాడు. అతని వెనక దూరంగా స్వేచ్ఛా విగ్రహం. పక్కనే పెట్టె పట్టుకుని పారిపోతున్న మరో మనిషి.

హార్లెమ్ ఆర్ట్ వర్క్‌షాప్‌లో నేర్చుకున్న కుర్రాళ్లలో జేకబ్ లారెన్స్ ఒకడు. చార్లెస్ సీఫర్ట్ ఆఫ్రికా చరిత్రపై చేసిన ప్రసంగాలు అతను గ్రంథాలయంలోనే విన్నాడు. షోంబర్గ్ సేకరణలో చదివి, హైతీ విముక్తి నాయకుడు తూసాఁ లూవెర్చ్యూర్ జీవితాన్ని 1938 నాటికి 41 చిత్రాల్లో చెప్పాడు. 1940-41లో దక్షిణాది నుంచి ఉత్తరాదికి సాగిన నల్లజాతి వారి వలసల గాథను 60 పలకల మీద గీశాడు. దీనికీ ఆధారాలు గ్రంథాలయంలోనే వెతికాడు. పలకలన్నిటినీ వరసగా పరిచి, ఒక రంగును అన్నిటికీ వేశాకే మరో రంగు కలిపేవాడు. దాంతో మొదటి పలకలోని నీలం చివరి పలకలోనూ అదే నీలంగా నిలిచింది. ఈ చిత్రమాలికల్లో గ్రంథాలయం రెండు పాత్రలూ పోషించింది: కుంచె పట్టడం నేర్పిన చోటు, గీయడానికి కథ ఇచ్చిన చోటు.

భవనం నేలమాళిగ నాటకానికీ పనికొచ్చింది. 1926లో డుబోయిస్ ప్రోత్సహించిన క్రిగ్వా బృందం, 1940 నుంచి అమెరికన్ నీగ్రో థియేటర్ అక్కడ ప్రదర్శనలిచ్చాయి. సిడ్నీ పాయిటియర్, హ్యారీ బెలఫాంటే నటన మొదలుపెట్టినది ఈ థియేటర్‌తోనే.

1925లో ఏర్పడిన ప్రత్యేక విభాగానికి 1940లో షోంబర్గ్ పేరు వచ్చింది. 1942లో వెనక వీధిలో కొత్త శాఖ తెరిచాక, పుస్తకాలు అరువిచ్చే పని అక్కడికి మారింది. 1951లో దానికి కవి కౌంటీ కల్లెన్ పేరు పెట్టారు. షోంబర్గ్ సేకరణ 1972లో పరిశోధన గ్రంథాలయాల జాబితాలో చేరి, 1980లో పక్కనే కట్టిన కొత్త భవనానికి మారింది. పరిశోధన కేంద్రమయ్యాక కూడా కళాకృతుల విభాగం, ప్రదర్శనలు, ఉపన్యాసాలు దాని పనిలో భాగంగానే కొనసాగాయి.