మడత చాకు

మన ఇళ్ళల్లో కత్తిపీటకి వున్న గౌరవం మడత చాకుకి లేదు. నిజమే మరి. పీట మీద ఒక కాలు వేసి కూర్చుంటే చాలు, గుమ్మడికాయ దగ్గర్నుంచి కొల్లేటి చేపదాకా అన్నీ కత్తి దగ్గరికే నడిచి వస్తాయి. చాకు సంగతి వేరు. అదే వస్తువు దగ్గరికి వెళ్ళాలి. పైగా అది మగవాళ్ళ జేబులో వుండే సరుకు. మామిడిపండు కోయడానికీ, పార్సెలు దారం తెంపడానికీ, పిల్లాడి పెన్సిలు చెక్కడానికీ బయటికొచ్చి, పని కాగానే మళ్ళీ పిడిలోకి దూరి పడుకుంటుంది. దాని పేరు కూడా మనది కాదు. తురుష్కుల నోటి నుంచి పారశీకులకీ, వాళ్ళ నుంచి హిందూస్తానీకీ, అక్కణ్ణుంచి మనకీ వచ్చిన మాట అది.

అటువంటి చాకు ఒకటి నా దగ్గర వుంది. మా తాతయ్యది. పెదవేగి పక్క వూళ్ళో కరణీకం చేసేవారాయన. ఆయన పోయాక పొలం మామయ్యలు పంచుకున్నారు. చాకు సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మ దాన్ని తన కుట్టుమిషను సొరుగులో పడేసుకుంది. అమ్మ తర్వాత నాకొచ్చింది. ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద బంగారమో, అరెకరమో వస్తాయని విన్నాంగాని, చాకు రావడం మా వంశంలో నాతోనే మొదలు!

పెదవేగి అంటే ఏలూరికి దగ్గరలో వున్న వూరే కదా అనుకోకండి. ఒకప్పటి వేంగి అది. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనంలో వేంగి రాజు హస్తివర్మ పేరు కనిపిస్తుంది. ఆయన శాలంకాయనుడు. తర్వాత విష్ణుకుండినులు, ఆపైన తూర్పు చాళుక్యులు. ఆ రాజులు దానాలిచ్చినప్పుడు రాగిరేకుల మీద రాయించి ఇచ్చేవారు. ఈసారి ఏ మ్యూజియంలోనైనా ఆ రేకులు కనిపిస్తే, అక్షరాల మాట అలా వుంచి, వాటి ఆకారం చూడండి. పొడుగ్గా, సన్నగా, ఒక పక్క చిల్లు, ఆ చిల్లులోంచి రాగి కడియం, కడియానికి ముద్ర. చాళుక్యులదైతే ముద్ర మీద వరాహం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదూ వుంటాయి. ఆ రేకులు తాటాకు కట్టని చూసి చేసినవి! రాగి మీద రాయడానికి ముందే ఆకు మీద రాసే అలవాటు వుందనడానికి వేరే సాక్ష్యం ఎందుకు?

ఆకు మీద రాయాలంటే రెండు పనిముట్లు కావాలి. గీయడానికి గంటం, ఆకు కోయడానికి కత్తి. చెట్టు మీంచి దించిన ఆకు ఉన్నదున్నట్టుగా రాతకి పనికిరాదు. ఈనె తీసి, ఒక్క కొలతకి కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, గవ్వతోనో నున్నటి రాయితోనో రుద్ది, అంచులు సమంగా చెక్కాలి. గంటంతో గీశాక దీపపు మసి పులిమి తుడిస్తే అక్షరం నల్లగా తేలుతుంది. అడ్డగీత గట్టిగా లాగితే ఆకు చీలిపోతుంది కనకనే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని అంటారు. ఇన్ని పనుల్లో కత్తీ గంటమూ ఒకదాన్నొకటి వదిలి వుండవు. అందుకని దక్షిణాదిలో ఎవరో బుద్ధిమంతులు రెంటినీ ఒకే పిడిలో బిగించారు. ఇత్తడిదో, కొమ్ముదో, దంతపుదో పిడి. ఒక వైపు కత్తి మడుచుకుంటుంది, రెండో వైపు గంటం. తమిళంలో దానికి ‘మడక్కెళుత్తాణి’ అని ప్రత్యేకంగా పేరే వుంది. మడిచే గంటం అన్నమాట. అలాంటివి ఇప్పుడు లండను మ్యూజియాల్లో అద్దాల వెనక పడుకుని వున్నాయి.

అంటే మడత చాకు మన దేశానికి దొరలు నేర్పిన విద్య కాదు. యూరపులోనూ అది పాతదే లెండి. రోమనుల కాలంలోనే ఎముక పిడుల్లోకి మడుచుకునే కత్తులుండేవి. ఎక్కడి కత్తి అక్కడిదే. మన దగ్గర మాత్రం అది రాత పనికి తోడబుట్టింది. తమాషా ఏమిటంటే, ఇంగ్లీషువాడి చాకు కూడా రాతలోంచే వచ్చింది. బాతు ఈకని కలంగా చెక్కడానికి వాడే చాకు కనకే దానికి ‘పెన్నైఫు’ అని పేరు. కుంపిణీ కచేరీల్లో గుమాస్తాలు ఈక మొన అరిగినప్పుడల్లా చాకు తీసి చెక్కుకుంటూ కూర్చోవలసిందే. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించిన బ్రౌను దొర తాటాకు ప్రతులు తెప్పించుకుని, పండితుల చేత కాగితం మీదికి ఎక్కించాడు. గంటం కత్తి ఒక చేతిలోంచి దిగుతుంటే, కలం చాకు ఇంకో చేతిలోకి ఎక్కిన రోజులవి. ఆ తర్వాత ఉక్కు పాళీలు వచ్చి ఈకని చెత్తబుట్టలో వేశాయి. చాకు మాత్రం పోలేదు, పెన్సిలు దగ్గర ఉద్యోగం చూసుకుంది.

ఇక ఉక్కు సంగతి. మా తాతయ్య చాకు షెఫీల్డుది. కానీ ఉక్కులో మనమేమీ తీసిపోయినవాళ్ళం కాము. నూజివీడు దగ్గర రమణక్కపేటలో ఇనుము కరిగించే కొలుములున్నాయని 1795లో డాక్టరు బెంజమిన్ హైన్ స్వయంగా చూసి రాశాడు. కుంపిణీవారి సామర్లకోట తోట చూసుకునే వృక్షశాస్త్రజ్ఞుడాయన. నిజామాబాదు వైపు కోనసముద్రంలోనైతే మూసల్లో ఉక్కు వండేవారు. దాన్ని కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి వుండేవారట. మన ‘ఉక్కు’ అనే మాటే దొరల నోట్లో పడి ‘వూట్జ్’ అయిందంటారు. సరిగ్గా ఆ 1795లోనే లండను రాయల్ సొసైటీవారికి డాక్టరు పియర్సన్ ఈ ఉక్కు మీద ఒక వ్యాసం సమర్పించాడు. ఆ పరీక్షల కోసం స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు ఒక ముక్కని కాల్చి, సాగగొట్టి ఏం చేశాడో తెలుసా? పెన్నైఫు! దాని పదును చూసి మురిసిపోయి, యూరపు ఉక్కు కంటే తనకిదే ఇష్టమని తన దుకాణం చీటీ మీద అచ్చు వేయించుకున్నాడు. ఆ స్టోడార్టే తర్వాత ఫారడేతో కలిసి, ఉక్కులో ఏయే లోహాలు కలిపితే ఎలా వుంటుందో చూడటానికి ఏళ్ళ తరబడి కొలిమి దగ్గర కూర్చున్నాడు. అయస్కాంతంతో కరెంటు పుట్టించవచ్చని కనిపెట్టిన ఫారడేయే, ఇంకెవరో కాదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మన స్టీలు గిన్నెల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

షెఫీల్డువాళ్ళ గొప్పతనం వెన్నులో వుంది. పిడి వెనకాల పొడుగునా ఒక ఉక్కు స్ప్రింగు వుంటుంది. అలుగు మొదలుని అది నొక్కిపెడుతుంది. తెరిచినప్పుడు తెరిచి వుండమనీ, మూసినప్పుడు మూసి వుండమనీ దాని ఆజ్ఞ. తాళమూ లేదు, మీటా లేదు. టక్కుమని ఆ చప్పుడులోనే మంచి చాకేదో తెలిసిపోతుంది. ఆ వూళ్ళో పేరున్న కంపెనీల్లో జోసెఫ్ రాడ్జర్స్ ఒకటి. నక్షత్రం, మాల్టా శిలువ వాళ్ళ ముద్ర. నంబరు 6, నార్ఫోక్ స్ట్రీట్ అని చిరునామా కూడా అలుగు మీదే కొట్టేవారు. మంచి సరుక్కి దొంగ సరుకు తప్పదుగా! దాదాపు అదే పేరుతో, ఒక అక్షరం అటూ ఇటూ చేసి అమ్మినవాళ్ళున్నారు. 1971లో ఆ కంపెనీ తన పోటీదారు వోస్టెన్‌హోమ్‌తో కలిసిపోయింది. స్విట్జర్లాండు ఎర్ర చాకు మీకు తెలిసే వుంటుంది. సైనికాధికారుల కోసమని కార్ల్ ఎల్సెనర్ 1897లో దాన్ని రిజిస్టరు చేయించాడు. 1909లో తల్లి పోతే ఆవిడ పేరే తన సరుక్కి పెట్టుకున్నాడు, విక్టోరియా అని. ‘విక్టోరినాక్స్’లో సగం ఆ తల్లి పేరే. ప్రపంచంలో ఇంతమంది మగవాళ్ళు జేబులో ఒక అమ్మ పేరు పెట్టుకు తిరుగుతున్నారంటే నాకెందుకో ముచ్చటగా వుంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇలాంటి చాకు ఇంట్లో వుంటే ఎలా చూసుకోవాలి?

పాత చాకులన్నీ తుప్పు పట్టే ఉక్కువే. మామిడికాయ కోసి అలాగే వదిలేస్తే అరగంటలో అలుగు నల్లబడుతుంది. నీలం, బూడిద రంగు మచ్చలకి కంగారు పడక్కర్లేదు. అవి వయసుతో వచ్చే చాయ, కొంతవరకు కవచం కూడా. ఎర్రగా పొడి రాలితే అది తుప్పు. మా కొల్లేటి వైపు వానాకాలంలో బీరువాలో చీరలే చెమ్మగిల్లుతాయి, ఇక ఇనప ముక్క ఎంత? అందుకని వాడగానే తడిబట్టతో తుడిచి, ఆపైన పొడిబట్టతో తుడవాలి. నీళ్ళలో నానబెట్టకూడదు. వేడినీళ్ళు అసలే వద్దు, కొమ్ము పిడి వంకర తిరుగుతుంది. కీలు దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి నాలుగుసార్లు తెరిచి మూస్తే నల్లటి మడ్డి బయటికి వస్తుంది. అది తుడిచేసి ఇంకో చుక్క. చాలామంది కొబ్బరినూనె రాస్తారు. అది చలికాలంలో గడ్డకట్టి, ఎండాకాలంలో జిడ్డుకట్టి, స్ప్రింగుని బంధిస్తుంది. అమ్మ చాకుని మిషను సొరుగులో ఎందుకు పెట్టిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత బోధపడింది. నూనె సీసా పక్కనే వుంటుందని!

తోలు సంచీలో దాచడం చూడ్డానికి దర్జాగా వుంటుంది. కానీ తోలు చెమ్మని పట్టి వుంచుతుంది. పాత నూలు చీర ముక్క మేలు. కొమ్ము పిడిని తినే పురుగులుంటాయి కనక ఏడాదికి రెండు మూడుసార్లయినా బయటికి తీసి చూడాలి. కొన్ని చాకుల పిడి సెల్యులాయిడ్‌తో చేసింది, అచ్చం దంతంలా మెరుస్తుంది. అది ముసలిదయ్యేకొద్దీ ఏదో ఆవిరి వదిలి పక్కనున్న చాకులకి కూడా తుప్పు పట్టిస్తుంది. దాన్ని వేరే కాపురం పెట్టించండి.

పదును మాటకొస్తే, వీధిలోకి వచ్చే సానవాడి చక్రానికి పాత చాకు ఇవ్వకండి. నిప్పురవ్వలు ఎగిరితే పిల్లలకి సరదా. ఆ వేడికి అలుగు అంచు నీలం తిరిగితే మాత్రం దాని పానం పోయినట్టే, మళ్ళీ పదును నిలవదు. సానరాయి తడిపి, అలుగుని కొంచెమే ఎత్తి, ఇటూ అటూ సమంగా, ఓపిగ్గా నూరాలి. చివర పాత బెల్టు మీద వెనక్కి నాలుగుసార్లు లాగాలి. ఇటుక పొడి, బూడిద పెట్టి తళతళా తోమడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్య ఇక్కడ చూపించకూడదు. ముద్ర చెరిగిపోతే చాకుకి పేరుండదు. కొనేవాళ్ళు ముందు చూసేది ముద్రనే, తర్వాత అలుగు ఎంత అరిగిందో.

దసరాకి ఆయుధ పూజలో దీనికీ బొట్టు పెడతాను. మర్నాడు పొద్దున్నే ఆ పసుపు కుంకుమ తుడిచేస్తాను, చెమ్మకి అదే మొదటి తుప్పు మచ్చ అవుతుంది కనక. ఈ చాకు ఒక్క పని మాత్రం ఆడవాళ్ళ గదిలో చేసింది. మా ఇంట్లో ప్రతి బాలింత దిండు కింద ఇనప ముక్కగా దీన్నే పెట్టేవారు. అమ్మ పురిటికీ, నా పురిటికీ కూడా. దాన్ని చేతికి అందించేవారు కాదు, కింద పెడితే తీసుకోవాలి. కత్తి చేతికిస్తే తగాదా అని కదా మన శాస్త్రం!

తాతయ్య ఇంట్లో మడత గంటం కూడా ఒకటుండేదని అమ్మ చెప్పేది. ఆయన తాతగారిది. ఇత్తడి పిడి, మీద చిలక. అది నేను పుట్టకముందే వెళ్ళిపోయింది. ఎలా వెళ్ళిందో మీరు వూహించగలరు. స్టీలు సామాన్లవాడు వచ్చాడు. 1913లో షెఫీల్డులోనే హారీ బ్రేర్లీ ఉక్కులో క్రోమియం పాలు పెంచి తుప్పు పట్టని రకం తయారుచేశాడు. మొదట దాంతో చేసినవి కూడా చాకులే. ఉక్కులో క్రోమియం కలిపి చూసినవాళ్ళలో వందేళ్ళ ముందటి ఫారడే, స్టోడార్ట్‌లు వున్నారు. దారి తిన్ననిది కాదుగాని, ఒకప్పుడు మన ఉక్కు చూసి మురిసిన మనిషి పేరు ఆ దారిలో వుంది. ఆ తుప్పు పట్టని ఉక్కే చివరికి గిన్నెలై మన వీధిలోకి వచ్చి, అటక మీది ఇత్తడినంతా తూకం వేసి పట్టుకుపోయింది. గంటం పిడి ఎంత తూగుతుంది? ఒక స్టీలు గరిటె ఇచ్చి వుంటాడు. 1984 జనవరిలో కరణీకాలు కూడా రద్దయ్యాయి. దాంతో ఆ ఇళ్ళల్లో మిగిలిన దస్త్రాలు, తాటాకు కట్టలు, పెట్టెలు చాలావరకు అటకెక్కాయి.

ఈ మధ్య పాత చాకులు సేకరించే ఒకాయన నా చాకు చూసి మంచి ధరే చెప్పాడు. ఇవ్వనన్నాను. మడత గంటం ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగితే, ఆంధ్ర దేశం నుంచి వచ్చినవి చాలా అరుదండీ అన్నాడు. కరగడానికి పోయాయిగా మరి, అరుదు కాక ఏమవుతాయి!

మీ అటక మీద పాత పెట్టె వుంటే ఒకసారి దింపించండి. అడుగున వేలెడు పొడుగున ఇత్తడి ముక్క ఏదైనా తగిలితే, దాని పక్కన సన్నటి గాడి వుందేమో వేలితో తడిమి చూడండి. వుంటే గోరుతోగాని, మేకుతోగాని లాగకండి, విరుగుతుంది. కీలు దగ్గర ఒక చుక్క మిషను నూనె వేసి, ఆ రాత్రికి అలా వదిలేయండి. పొద్దున్నకి రాకపోతే ఇంకో చుక్క వేసి మరో రాత్రి చూడండి.