పాతాళగంగ జాడ

బెలుం గుహలు చూశారా? ఒకప్పటి కర్నూలు జిల్లాలోనివే, ఇప్పుడు నంద్యాల కిందికి వచ్చాయి. లోపల పాతాళగంగ అని చిన్న పాయ ఒకటి కొంతదూరం పారి బండల్లో మాయమైపోతుంది. అది రెండు కిలోమీటర్ల అవతల బెలుం ఊరిబావిలో తేలుతుందని నమ్మకం. తేల్చుకోవడమెలా? చెంబెడు పసుపు కలిపి చూద్దామంటాం మనమైతే. శాస్త్రజ్ఞులు చేసిందీ దాదాపు అదేనండీ!

1877లో జర్మనీలో, డాన్యూబ్ నది సున్నపురాతి బీటల్లోకి ఇంకిపోయేచోట పది కిలోల ఫ్లోరెసిన్ రంగు కలిపారు. సుమారు 60 గంటలకు, 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊట పచ్చగా మెరుస్తూ పొంగింది. సరిగ్గా ఆ ఏడే మన కర్నూలు, కడపల్లో జనం కరువుకు రాలిపోతున్నారు. తలుచుకుంటే ఆ రంగు ముచ్చట చేదవుతుంది.

రంగు దారి చూపుతుంది. మరి ఎంత నీరు ఇంకిందో? దానికి హైదరాబాదులో 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ట్రిటియం వాడారు. అది రేడియోధార్మిక గుణమున్న హైడ్రోజనే. వానలకు ముందు రెండుమూడడుగుల లోతున ఆ నీటిచుక్కలు దించుతారు. వానలు వెళ్ళాక తవ్వి, ఎంత కిందికి జారిందో కొలుస్తారు. మెడలో గొలుసు కుదువబెట్టి మూడో బోరు వేయించే సీమ ఇళ్ళకు కావలసిన లెక్క ఇదే. గ్రానైటు నేలల్లో చాలాచోట్ల తేలింది, కురిసినదాంట్లో పదోవంతు. ఒక్కోచోట అంత కూడా కాదు.